మిరపచేలో సెంటరు

రాజధానిలో ఉద్యోగం చేసే ఒక పెద్ద అధికారిని ప్రభుత్వం పదిహేను రోజులు అమెరికా పంపించింది. అందరూ చూసే అమెరికా కాదు. ఆ దేశం నట్టనడుమ, ఎటు చూసినా మొక్కజొన్న, మొక్కజొన్న లేనిచోట సోయాచిక్కుడు తప్ప మరో మొక్క కనిపించని ఒక సేద్యపు జిల్లా. అక్కడివాళ్ళు దాన్ని కౌంటీ అంటారు. నేల అప్పడాల పీటలా చదునుగా ఉంటుందట. ఆరు మైళ్ళకొక గీత గీసి, చదరాలుగా కోసి, చదరానికొక పేరు పెట్టుకున్నారట. మొత్తం జనం తొమ్మిదివేల చిల్లర. మన దగ్గర ఒక మోస్తరు తిరునాళ్ళకు అంతకంటే ఎక్కువమందే వస్తారు.

అలాంటి చోటికి వచ్చిన అతిథికి ఏం చూపించాలో పాపం వాళ్ళకూ తోచలేదు. చివరికి ఒక మొక్కజొన్న చేను గట్టుకు తీసుకుపోయి మోకాలెత్తు రాయి ఒకటి చూపించారు. 'ఈ కౌంటీ జనాభాకు ఇదే కేంద్రబిందువు' అని దానిమీద చెక్కి ఉంది. మన అధికారి ఆ రాయి పక్కన నిలబడి ఫొటో దిగారు. ఫొటోతో సరిపెట్టుకునే మనిషైతే మనకీ గొడవ ఉండేది కాదు. ఆయన విమానంలోనే కాగితం కలం తీశారు.

నెల తిరక్కుండా ప్రతి మండలానికీ ఉత్తర్వు వచ్చింది. 'పరిపాలనను ప్రజల నడిబొడ్డుకు చేర్చే చారిత్రక సంకల్పంలో భాగంగా, ప్రతి మండలమునందునూ జనాభా సెంటరును శాస్త్రీయముగా గుర్తించి, సదరు సెంటరును సకల హంగులతో అభివృద్ధి పరచవలెను' అని అందులో ఉంది. సెంటరును గుర్తించడమెలాగో కూడా వివరించారు. మండలం మొత్తాన్ని ఒక ఇత్తడి పళ్ళెం అనుకోవాలి. అందులో ముసలీ ముతకా, చంకబిడ్డలతో సహా మనుషులందరినీ ఎవరి ఊళ్ళో వాళ్ళను నిలబెట్టాలి. అందరి బరువూ సమానమే అనుకోవాలి. ఇప్పుడా పళ్ళాన్ని ఒకే ఒక్క వేలిమీద ఎక్కడ ఆనిస్తే ఒరగకుండా నిలుస్తుందో, అదే సెంటరు.

కంకణాలదిన్నె మండలంలో ఊళ్ళు పంతొమ్మిది. జనాభా నలభై ఒక్క వేల మూడువందల పన్నెండు. తూర్పున పిట్టలదొడ్డి నుంచి పడమట బొల్లవరం దాకా పద్దెనిమిది కిలోమీటర్లు. ఈ పళ్ళాన్ని కంప్యూటర్లో పెట్టి వేలు ఆనిస్తే, ఆ వేలు సరిగ్గా రేగులవరం పొలాల్లో, సామ్రాజ్యం మిరపచేలో దిగింది.

తల్లిదండ్రులు ఏం ఊహించుకుని ఆమెకా పేరు పెట్టారో గాని, సామ్రాజ్యం ఏలుబడిలో ఉన్నవి మూడే: ఎకరం ఇరవై సెంట్ల మిరపచేను, ఒక బర్రె, పున్నయ్య అనే మొగుడు. మూడింటిలోకీ మాట వినేది పున్నయ్య ఒక్కడే. చేను మాత్రం ఆ ఏడు ఆమె ప్రాణాలు తోడేసింది. నల్లతామర పురుగు వచ్చిందని చుట్టుపక్కల వాళ్ళు సగం మంది దున్నేస్తే, ఆమె మొక్క మొక్కకూ మొక్కుకుని, మందు కొట్టి, తెల్లారి లేచి చేలోనే కూర్చుని నిలబెట్టుకుంది. కాయ ఇప్పుడిప్పుడే ఎర్రబారుతోంది. ఇంకో మూడు వారాలకు మొదటి కోత.

అలాంటి చేలోకి మండల సర్వేయరు జాన్‌సైదా ఒక ఉదయం మిషను పట్టుకుని వచ్చాడు. మంచివాడు. మొక్క తొక్కకుండా సాళ్ళ మధ్య ఒక్కో అడుగూ చూసుకుంటూ నడిచి, ఒకచోట ఆగి, ఎర్రజెండా కట్టిన కర్ర పాతాడు.

"ఏందయ్యా జాన్‌సైదా, అడక్కుండా జెండా పాతుతున్నావు. ఇది ఏ పార్టీ?" అంది సామ్రాజ్యం.

"పార్టీ కాదక్కా. సెంటరు. మండలానికంతా ఇదే సెంటరు."

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన వైపు సెంటరంటే లెక్కల పుస్తకంలో చుక్క కాదు. నాలుగు దార్లు కలిసేచోట ఒక టీకొట్టు, పక్కన ఆటోలు, ఒక జిరాక్సు, ఒక బడ్డీకొట్టు, నడుమ చెయ్యెత్తి నిలబడ్డ ఒక విగ్రహం, దాని నీడన పనేమీ లేని పదిమంది. 'సెంటరుదాకా వెళ్ళొస్తా' అని మగవాడు చెప్పులేసుకుంటే, మధ్యాహ్నం అన్నానికి గాని రాడని ఇంట్లోవాళ్ళకు తెలుసు. కాబట్టి సామ్రాజ్యం తన మిరపసాళ్ళ వైపు చూసుకుని, ఇక్కడ దారేదని అడిగింది. వస్తుందని జాన్‌సైదా చెప్పాడు. మిరపకాయలు ఏం కావాలని అడిగింది. జాన్‌సైదా మిషను మడుచుకున్నాడు.

సెంటరును సామ్రాజ్యం తప్పుగా అర్థం చేసుకుందని నవ్వడానికి లేదు. తహశీల్దారు వరప్రసాదరావు గారు కూడా అలాగే అర్థం చేసుకున్నారు. ఆయన ఆఫీసులో సమీక్షా సమావేశం పెట్టి, 'సకల హంగులు' అనే రెండు మాటల మీద మూడు గంటలు చర్చ జరిపించారు. టీ లేని సెంటరు సెంటరు కాదని మొదటి ఐదు నిమిషాల్లోనే అందరూ ఒప్పుకున్నారు. ఆటోస్టాండుకు ఆరు ఆటోలు మంజూరయ్యాయి. జిరాక్సు మిషను పెట్టాలన్నారు, కరెంటు సంగతి తరువాత చూసుకోవచ్చన్నారు. విగ్రహం దగ్గర చిక్కొచ్చింది. తొమ్మిదిమంది సభ్యులు తొమ్మిది పేర్లు చెప్పారు. రెండు గంటల తరువాత, ప్రస్తుతానికి దిమ్మె మాత్రం ఏర్పాటు చేసి, దానిమీద నిలబడే మహనీయుడి విషయం ఏకాభిప్రాయం వచ్చాక చూద్దామని తీర్మానించారు. నాలుగు దార్లూ చేను నడుమ కలవాలి కాబట్టి నాలుగు దార్లు వేయాలి. పక్క రైతుల సమ్మతి ఇంకా రాలేదు గనక, ప్రస్తుతానికి నాలుగు దార్లూ సామ్రాజ్యం చేలోనే మొదలై సామ్రాజ్యం చేలోనే ఆగిపోవాలని నిర్ణయించారు.

అయితే ఉత్తర్వులో ఒక మెలిక ఉంది. జనాభా చలనశీలమైనది కనుక, మూడు ఆదివారాలు వరసగా తెల్లవారుజామున లెక్కించాలి. ఎవరు ఎక్కడ నిద్ర లేస్తే వాళ్ళు అక్కడి జనాభా. మూడో లెక్కలో సెంటరు ఎక్కడ పడితే అదే తుది సెంటరు. ఆ మర్నాడే చదును చేయడానికి పొక్లెయిను దిగుతుంది. ఈలోగా హంగులన్నీ 'తాత్కాలిక ప్రాతిపదికన' జెండా దగ్గరే ఉండాలి. మండలకేంద్రం బస్టాండులో హాయిగా వ్యాపారం చేసుకుంటున్న ఖాసిం టీబండిని ఉత్తర్వు చూపించి తోలుకొచ్చారు. సిమెంటు దిమ్మెను తయారుగా పోయించి ట్రాక్టరు ట్రక్కులో ఎక్కించి గట్టున నిలిపారు. దిమ్మెకు రోజూ పూలదండ వేయడానికి ఒక మనిషిని కూడా పెట్టారు. ఎవరి మెడా లేదు కాబట్టి దండ దిమ్మెకే చుట్టేవాడు.

సామ్రాజ్యం అర్జీ రాయించుకుని తహశీల్దారు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడారు. ఇది తాము పెట్టిన సెంటరు కాదని, ప్రజలే పెట్టినదని, ప్రభుత్వం కేవలం వేలు మాత్రమే ఆనించిందని చెప్పారు. ఆమె కాయ కోసుకునేదాకా ఆగమని అడిగింది. నలభై ఒక్క వేలమంది సమతౌల్యాన్ని ఎకరం ఇరవై సెంట్ల మిరపకాయల కోసం ఆపడం ప్రజాస్వామ్య స్ఫూర్తికి విరుద్ధమని ఆయన అన్నారు.

"అయ్యా, నలభై ఒక్క వేలల్లో నేనూ ఒకతిని గదా," అంది సామ్రాజ్యం.

"మీ బరువు కూడా లెక్కలోకి తీసుకున్నామమ్మా," అన్నారాయన.

బయటికొచ్చి వరండా మెట్లమీద కూర్చున్న ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవలేదు, కోపమొచ్చింది. మంచినీళ్ళ సీసా అందించిన జాన్‌సైదాను, ఈ జెండా కదిలే ఉపాయం ఏదన్నా ఉందా అని అడిగింది. అతను అటూ ఇటూ చూసి, అగ్గిపుల్లతో నేలమీద గీసి చెప్పాడు. ఒక మనిషి బొల్లవరంలో నిద్రలేవడం మానేసి పిట్టలదొడ్డిలో నిద్ర లేచాడనుకో. పద్దెనిమిది కిలోమీటర్లు జరిగాడు. దాన్ని నలభై ఒక్క వేలమందికి పంచితే సెంటరు తూర్పుకు జరిగేది ఇంత. అతను మోచేతి నుంచి వేలికొసదాకా చూపించాడు. ఒక మూర.

సామ్రాజ్యం చేనుకు పోయి, జెండా నుంచి తూర్పు గట్టుదాకా మూరలు కొలిచింది. ఆ గట్టు అవతల ఎవరిదీ కాని పోరంబోకు బీడు. ముప్ఫై తొమ్మిదికి కాస్త పైన వచ్చింది.

ఆమె పుట్టిల్లు బొల్లవరం. ఆడపడుచు ఇల్లు పిట్టలదొడ్డి. దేవుడు ఒక్కోసారి చుట్టరికాలు కూడా లెక్కచూసి కలుపుతాడు. పిట్టలదొడ్డిలో పోలేరమ్మకు మొక్కుందని, రెండు పోతుల్ని కోస్తున్నామని, శనివారం రాత్రికే రావాలని పుట్టింటి వైపు కబురు పెట్టింది. పిలిచింది నలభైమందిని. వేటమాంసం అనేసరికి నలభైకి ఒక్కరూ తగ్గలేదు. అందరూ పిట్టలదొడ్డిలో తిని, అక్కడే పడుకుని, ఆదివారం తెల్లారి అక్కడే నిద్ర లేచారు. గ్రామ సచివాలయం పిల్లలు ట్యాబులు పట్టుకొచ్చి అందరి పేర్లూ ఎక్కించుకుపోయారు.

సోమవారం జాన్‌సైదా వచ్చి జెండా పీకి, తూర్పుకు సరిగ్గా రెండు మూరలు జరిపి పాతాడు.

ముప్ఫై ఎనిమిది మూరలు ఎక్కడ పోయాయని సామ్రాజ్యం నిలదీసింది. రేగులవరానికి పడమట స్థలాలు కొన్న బ్రోకర్లు మింగారని జాన్‌సైదా చెప్పాడు. సెంటర్లో సెంటు ధర ఎంతుంటుందో లెక్కేసుకున్న ఆ పెద్దమనుషులు, అదే శనివారం పిట్టలదొడ్డి నుంచి ముప్ఫై ఎనిమిదిమందిని బిరియానీ పెట్టి బొల్లవరం తీసుకుపోయి పడుకోబెట్టారు. రెండు బళ్ళు ఒకదానికొకటి ఎదురుపడి, మనుషులు ఒకరికొకరు చెయ్యి కూడా ఊపుకున్నారట. జెండాతోపాటు ఖాసిం కూడా బండిని రెండు మూరలు తూర్పుకు తోశాడు. ఆరు మొక్కలు విరిగాయి. అతను ఒక్కో మొక్కకూ పేరుపేరునా క్షమాపణ చెప్పాడు గాని, ఉత్తర్వు ఉత్తర్వే.

ఈ వేటపోతులు, బిరియానీల సంగతి తహశీల్దారు చెవిన పడింది. ఆయనకు నిజంగానే బాధ కలిగింది. శాస్త్రీయమైన బిందువును తిండి పెట్టి జరపడం ఆయన సర్వీసులో చూడలేదు. వెంటనే 'జనాభా స్థిరీకరణ ఆదేశాలు' అని పదకొండు పేజీలు విడుదల చేశారు. వాటి సారాంశం ఏమంటే, రెండో లెక్క పూర్తయ్యేదాకా మండలంలో ఎవరూ ఊరు కదలకూడదు. కదలక తప్పదనుకుంటే ఫారం నింపాలి. తూర్పుకు ఐదు కిలోమీటర్లు వెళ్ళేవాడు, పడమటికి ఐదు కిలోమీటర్లు వెళ్ళే మరొకడిని వెతుక్కుని జతగా దరఖాస్తు చేయాలి.

దాంతో మండలంలో కొత్త చుట్టరికాలు పుట్టాయి. పంటి నొప్పితో పిట్టలదొడ్డి వెళ్ళాల్సిన బొల్లవరం మాస్టారు, అటునుంచి ఇటు రావాల్సిన మనిషి దొరక్క నాలుగు రోజులు దవడ పట్టుకుని కూర్చున్నాడు. చివరికి అక్కడొక ఇల్లాలు మొగుడితో తగవు పెట్టుకుని పుట్టింటికి బయల్దేరితే, ఆమె సంతకంతో ఈయన పన్ను పీకించుకున్నాడు. ఈలోగా మొగుడు వచ్చి బతిమాలి ఆమెను ఆపబోతే, అప్పటికే ఫారం మంజూరైంది కాబట్టి తగవు రద్దు చేసుకోవడానికి వీల్లేదన్నారు. పిల్లనిచ్చిన ఇంటినుంచే పిల్లను తెచ్చుకునే కుండమార్పిడి పెళ్ళిళ్ళను ప్రోత్సహించాలని, అందువల్ల సమతౌల్యం దెబ్బతినదని ఆదేశాల్లో ఒక ప్రత్యేక పేరా చేర్చారు. పురిటికి పుట్టింటికి వెళ్ళిన ఒక అమ్మాయికి నోటీసు వెళ్ళింది. వెళ్ళేటప్పుడు ఒకరని రాసి, వచ్చేటప్పుడు ఇద్దరు రావడం వాస్తవాలను దాచడమేనని, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని.

విందులకు వెళ్ళినవాళ్ళు కూడా ఎక్కడివాళ్ళక్కడే చిక్కుపడ్డారు గనక, రెండో ఆదివారం ఎవరూ కదల్లేదు. జెండా కదల్లేదు. కదల్లేదని ధ్రువీకరించడానికి పదహారుమంది అధికారులు చేలోకి దిగి చూసి వెళ్ళారు. ఈసారి మొక్కలు ముప్ఫైదాకా పోయాయి. ఆ సాయంత్రం సామ్రాజ్యం విరిగిన కొమ్మల నుంచి కాయలు ఏరి కొంగులో పోసుకుంటుంటే, ఉలుకూ పలుకూ లేని పున్నయ్య కూడా, దీనికంటే తామరపురుగే నయమన్నాడు. తెల్లారితే మూడో వారం.

ఆ వారంలోనే కోత కూలీలు దిగారు. ఏటా అంతే. కర్నూలు దిక్కు నుంచి మూటాముల్లే, పిల్లాజెల్లా, కోళ్ళతో సహా లారీలెక్కి వస్తారు. చేల పక్కన టార్పాలిన్ పట్టాలు కట్టుకుని నెలన్నర ఉంటారు. రేగులవరం చుట్టుపక్కలకు ఆ ఏడు వచ్చినవాళ్ళు రెండువందల డెబ్భైమంది. వాళ్ళ ముఠా మేస్త్రి ఉరుకుందమ్మ. పదేళ్ళుగా సామ్రాజ్యం చేలో మొదటి కాయ ఆమె చెయ్యే కోస్తుంది.

వీళ్ళను చూసి తహశీల్దారుకు కొత్త గుబులు పట్టుకుంది. ఈ రెండువందల డెబ్భైమందీ పళ్ళెంలో ఉన్నట్టా, లేనట్టా? తనంతట తాను తేల్చడం ఎందుకని ఆయన పైకి రాశారు. 'వలస కూలీలు జనాభాయా, కాదా? తగు స్పష్టత ఇవ్వవలసిందిగా ప్రార్థన.' పెద్ద అధికారి కార్యాలయం నుంచి మూడు రోజుల్లో జవాబొచ్చింది. 'సదరు వ్యక్తులను పని వేళలందు కూలీలుగానూ, నిద్రించు వేళలందు జనాభాగానూ పరిగణించవలెను.'

జాన్‌సైదా ఈ కాగితం చదివి వినిపిస్తే సామ్రాజ్యం రెండోసారి చదివించుకుంది. కొత్తగా వచ్చిన మనిషి ఉత్తరాన తొమ్మిది కిలోమీటర్ల దూరంలో, అంటే కంకణాలదిన్నెలో పడుకుంటే జెండా ఎంత జరుగుతుందని అడిగింది. అర మూర అని అతను లెక్కేసి చెప్పాడు. మూరకు ఇద్దరు. రెండువందల డెబ్భైమందికి నూట ముప్ఫై అయిదు మూరలు. తన చేను దాటుతుంది, సంతోషం. కానీ జెండా ఎక్కడో ఒకచోట పడాలి గదా. తన చేనుకు ఉత్తరాన చిట్టెమ్మ చేను. ఆమె తనకంటే బీద. తన నెత్తిన పడ్డ పిడుగును పక్కింటి మీదికి తోయడానికి సామ్రాజ్యానికి మనసొప్పలేదు.

"చిట్టెమ్మ చేను దాటితే ఏముందే?" అన్నాడు పున్నయ్య, బర్రెకు గడ్డి వేస్తూ.

"కాలవ."

"మరింకేం. కాలవలోళ్ళకి కాయితం పోయిందంటే తిరిగి రాదు. మన తూము రిపేరుకి అర్జీ పెట్టి పదకొండేళ్ళయింది."

ముప్ఫై ఏళ్ళ కాపురంలో పున్నయ్య చెప్పిన మొదటి ఉపాయం అదే. జాన్‌సైదా ఆ సాయంత్రమే మిషను పెట్టి చూశాడు. జెండా నుంచి నూట ఇరవై మూరలకు కాలువ మొదలవుతుంది. నూట నలభై ఆరు మూరలకు అవతలి గట్టు. నూట ముప్ఫై అయిదంటే నట్టనడి నీళ్ళు.

కంకణాలదిన్నె మార్కెట్ యార్డులో షెడ్లు ఖాళీగా ఉన్నాయి. పైకప్పు ఉంది, కుళాయి ఉంది, లైట్లున్నాయి. మంచులో పట్టాల కింద పిల్లలు దగ్గుతున్నారని, రాత్రిళ్ళు షెడ్లలో పడుకోనివ్వమని సామ్రాజ్యం కూలీల తరఫున అర్జీ పెట్టింది. తహశీల్దారు మానవతా దృక్పథంతో వెంటనే సంతకం చేశారు. సంతకం చేస్తున్న ఫొటో పేపరుకు కూడా పంపారు. కూలీలను షెడ్లకూ చేలకూ తిప్పడానికి ట్రాక్టర్లు రైతులు ఇస్తామన్నారు. జెండా ఇవాళ నా చేలో, రేపు మీ చేలో అని సామ్రాజ్యం ఇంటింటికీ తిరిగి చెప్పింది మరి.

చివరగా ఉరుకుందమ్మ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. దాచలేదు. తాము షెడ్లో పడుకోవడం జెండా జరపడానికని విని ఉరుకుందమ్మ కాసేపు నవ్వింది.

"మా ఊర్లో లెక్కకొచ్చేటప్పుడు మేము ఈడుంటాం. ఇల్లు తాళమని రాసుకోని పోతారు. ఈడికొస్తే మీరు ఆ ఊరోళ్ళంటారు. పదేండ్లాయె అక్కా, మమ్మల్ని యాడా లెక్కపెట్టల్యా. నీ పుణ్యాన ఒక పూటన్నా మనుసులమైతాం, పా."

తనను లెక్కలో బరువుగా చూశారని తహశీల్దారు మీద మండిపడ్డ సామ్రాజ్యం, తనూ వీళ్ళను తూకపురాళ్ళలాగే చూసిందని సిగ్గుపడింది. అన్నీ కుదిరితే ఈ నెలన్నరా షెడ్లు ఖాళీ చేయించకుండా చూసే పూచీ తనదని మాటిచ్చి వచ్చింది. ఆ మాట తరువాత నిలబెట్టుకుంది కూడా.

మూడో ఆదివారం తెల్లారి మార్కెట్ యార్డులో రెండువందల డెబ్భైమంది బారులు తీరి పేర్లు చెప్పారు. ఉరుకుందమ్మ తన పేరు రాసిన ట్యాబును తిరిగి చదివించుకుని, అక్షరం తప్పుందని దిద్దించింది. సోమవారం పొక్లెయిను వచ్చి రేగులవరం దారిలో ఆగింది. జాన్‌సైదా జెండా పట్టుకుని సామ్రాజ్యం చేను దాటాడు, చిట్టెమ్మ చేను దాటాడు, కాలువ గట్టెక్కాడు. అక్కడ చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి, మొలలోతు నీళ్ళలో దిగి జెండా పాతాడు. అది రెండు నిమిషాలు నిలిచి కొట్టుకుపోయింది.

తహశీల్దారు గట్టుమీద నిలబడి చాలాసేపు నీళ్ళ వంక చూశారు. తరువాత ఆఫీసుకు వెళ్ళి, సదరు బిందువు వద్ద నాలుగు దార్లు, టీకొట్టు, దిమ్మె నిర్మించుటకు నిరభ్యంతర పత్రం కోరుతూ నీటిపారుదల శాఖకు రాశారు. వాళ్ళు అందినట్టు ఒక రశీదు ఇచ్చారు. ఆ ఫైలు గురించి తెలిసిన చివరి వార్త అదే.

కానీ ప్రారంభోత్సవానికి పెద్ద అధికారి వస్తున్నట్టు కార్యక్రమం ఖరారైపోయింది. ఖరారైన కార్యక్రమాన్ని ఆపే ఫారం ఏదీ లేదు. అందుకని ఆ గురువారం ఉదయం దిమ్మె ఉన్న ట్రాక్టరును కాలువ గట్టెక్కించి, దిమ్మెకు గుడ్డ కప్పి, 'జనాభా సెంటరుకు స్వాగతం' అని ఫ్లెక్సీ కట్టి, పక్కన ఖాసిం బండి నిలిపారు. పెద్ద అధికారి కారు దిగి, కాలువ వైపు నమస్కారం పెట్టి, అమెరికాలో తను చూసిన రాయి గురించి పది నిమిషాలు మాట్లాడారు. వింటున్నది తహశీల్దారు, జాన్‌సైదా, డ్రైవరు. రిబ్బను కత్తిరించినప్పుడు తహశీల్దారు రెండు చేతుల్లోనూ ఫైళ్ళుండటం వల్ల చప్పట్లు కూడా సరిగ్గా మోగలేదు.

అంతలో సామ్రాజ్యం తన చేను గట్టునుంచి, కూలీలకు టీ కావాలని కేకేసింది. ఖాసిం ఒక్కసారి ఫ్లెక్సీ వైపు చూశాడు, ఒక్కసారి చేల వైపు చూశాడు. మూడు వారాల్లో మొదటిసారి గిరాకీ కనపడింది. ఏ ఉత్తర్వూ అడక్కుండా బండి తోసుకుని గట్టు దిగిపోయాడు.

పెద్ద అధికారి కళ్ళు ఆ బండి వెంటే వెళ్ళాయి. సామ్రాజ్యం చేలో, చిట్టెమ్మ చేలో, ఆ వెనక కనుచూపు మేరా తలకు కొంగులు చుట్టుకున్న ఆడవాళ్ళు, మగవాళ్ళు, సాలు సాలుకూ వంగి ఎర్రటి కాయలు తెంపుతున్నారు. ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటున్నారు, పాట అందుకుంటున్నారు, టీబండి చూసి ఒక్కసారిగా లేచి వస్తున్నారు. జనాభా సెంటర్లో ఒక్క మనిషీ లేడేమని ఆయన ఇందాకటి నుంచీ అడగాలనుకుంటున్నారు.

"అంతమంది జనం అక్కడుంటే ఇక్కడికి ఎందుకు పిలవలేదు?" అన్నారు.

తహశీల్దారు ఫైలు విప్పి, ఆయన కార్యాలయం నుంచే వచ్చిన కాగితం తీసి, వేలుపెట్టి చూపించారు.

"వాళ్ళు కూలీలు సార్. ఇప్పుడింకా పదకొండే అయింది. చీకటి పడ్డాక జనాభా అవుతారు."